ముందు పేట, తర్వాత గది: మద్రాసులో మా దసరా బస

బయలుదేరే ముందు

దసరా సెలవులకు మద్రాసు అనగానే ఇంట్లో అందరూ సరేనన్నారు. ఎక్కడ దిగాలన్న దగ్గరే పేచీ వచ్చింది. మామయ్యగారు సెంట్రల్ పక్కన పెరియమెట్ అన్నారు. ఉద్యోగం రోజుల్లో పని మీద వచ్చినప్పుడల్లా ఆయన అక్కడే దిగేవారు. రైలు దిగామా, గదిలో పెట్టె పడేశామా, అంతే ఆయన లెక్క. మా ఆయన ఎగ్మూర్ అన్నారు, మెట్రో ఉంది, మ్యూజియం దగ్గరని. మా చెల్లెలు ఫోన్‌లో టి.నగర్ తప్ప ఇంకో పేరు ఎత్తనివ్వలేదు. పిల్లలకు మహాబలిపురం రోడ్డు మీద స్విమ్మింగ్ పూల్ ఉన్న రిసార్టు కావాలి. అత్తయ్యగారు ఏమీ అడగలేదు. ఆవిడ ఎప్పుడూ ఏదీ అడగరు కాబట్టే నేను ఆవిడ మోకాళ్ల దగ్గర్నుంచి లెక్క మొదలుపెట్టాను.

మద్రాసులో గుళ్లు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకు మూస్తే మళ్లీ నాలుగింటికి గానీ తెరవరు. ఎండా, ఉక్కా కూడా సరిగ్గా ఆ వేళలోనే. పెద్దవాళ్లు కాసేపు నడుం వాల్చాలి, పాప నిద్రకు పేచీ పెడుతుంది. గది ఎక్కడో ఊరి చివర ఉంటే ఆ నాలుగు గంటలూ ఏ హోటల్లోనో కాఫీ మీద కాఫీ చెప్పుకుంటూ కూర్చోవాలి, లేదంటే రానూపోనూ ఆటోలకు పోసుకోవాలి. అందుకే నేను చూసింది ఒక్కటే. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు మేం ఎక్కడ ఉంటాం? ఆ రెండు వేళల్లోనూ మంచం అందుబాటులో ఉండే పేట ఏదో తేలితే, గది సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

సెంట్రల్ చుట్టుపక్కల గదులకు కొరత లేదు, అద్దెలూ తక్కువే. తెల్లవారుజామున రైలు పట్టుకోవాల్సిన వాళ్లకు, ఒక్క రాత్రి తలదాచుకునే వాళ్లకు అదే మంచిది. టికెట్ ఉంటే స్టేషన్‌లోని రిటైరింగ్ రూములు కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అయితే సాయంత్రం పిల్లల్ని తీసుకుని అలా వీధిలోకి వెళ్లి రావడానికి అక్కడ వీధి ఏదీ? అంతా బస్సులు, లారీలు, సామాన్ల పార్శిళ్లు. ఎగ్మూర్ దానికంటే చాలా నయం. కెన్నెట్ లేన్, గాంధీ ఇర్విన్ రోడ్డు నిండా హోటళ్లే. రైలు ఎగ్మూర్‌లో ఆగేదైతే నేనూ అక్కడే చూసేదాన్నేమో. టి.నగర్ పెళ్లి బట్టలకు వచ్చేవాళ్ల పేట. గ్రీమ్స్ రోడ్డు వైపు వంటగదితో సహా గదులు దొరుకుతాయి, అక్కడ తెలుగులో మాట్లాడినా పని జరిగిపోతుంది. నెల్లూరు, ఒంగోలు వాళ్లం మద్రాసులో బాగా ఎరిగిన చోటు అదే, ఆస్పత్రుల పుణ్యమా అని. మామయ్యగారి బైపాస్ అప్పుడు మేం మూడు వారాలు అక్కడే ఉన్నాం. సెలవులకు వచ్చి మళ్లీ ఆ వీధిలో దిగడానికి ఎవరికీ మనసొప్పలేదు. రిసార్టు మాట పిల్లలకు నేనే సర్దిచెప్పాను. ఊరు చూడటానికి వెళ్తూ ఊరికి ముప్పై కిలోమీటర్ల అవతల పడుకుంటే రోజూ సగం పూట కారులోనే గడిచిపోతుంది.

ఇన్ని తీసేశాక మిగిలింది మైలాపూరు. కపాలీశ్వరుడి గుడి, కోనేరు, చుట్టూ మాడ వీధులు, పూలు, కూరగాయలు, మెస్సులు, కాఫీ, అన్నీ కాలినడకన. సముద్రం కూడా పెద్ద దూరం కాదు. చిక్కల్లా ఒక్కటే, ఆ వీధుల్లో పెద్ద హోటళ్లు తక్కువ. ఉన్న లాడ్జిల్లో మా ఆరుగురికి మూడు గదులు కావాలి. అవి ఒకే అంతస్తులో ఇస్తామని ఎవరూ గట్టిగా చెప్పలేదు. దాంతో రెండు పడకగదుల సర్వీస్ అపార్ట్‌మెంట్ ఒకటి చూశాం. ఓనరమ్మ తెలుగావిడ. తాతల కాలం నుంచి ఆ ఊళ్లోనే ఉన్నారు. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు, చదివేది రాసేది తమిళం.

ఫోన్‌లో నేను అడిగినవి వింటే మా ఆయన నవ్వారు గానీ, ఫోటోల్లో కనపడనివే అడిగాను. లిఫ్ట్ వీధి మట్టం నుంచే ఉందా, నాలుగు మెట్లెక్కాకా? బాత్రూంలో వెస్టర్న్ కమోడ్ ఉందా, పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందా? కుళాయిలో వచ్చేవి మెట్రో వాటర్ బోర్డు నీళ్లా, బోరు నీళ్లా? సముద్రం దగ్గరి పేటల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే సబ్బు నురగ రాదు, తల అట్టకడుతుంది. చెక్-అవుట్ ఇరవై నాలుగు గంటల లెక్కా, పదకొండింటికల్లా ఖాళీ చేయాలా? అందరి ఆధార్ కార్డులూ కావాలా, పెద్దవాళ్లవి సరిపోతాయా? ఆవిడ ఒక్కదానికీ విసుక్కోలేదు. "కడ్డీ లేదమ్మా, గట్టి కుర్చీ ఒకటి వేయిస్తాను" అన్నారు. ఆ జవాబు విన్నాకే అడ్వాన్స్ పంపించాను.

బుధవారం

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున ఒంగోలులో ఎక్కాం. గూడూరు దాటాక మామయ్యగారికి ఉత్సాహం వచ్చింది. ఇటు తూర్పున సముద్రం ఒడ్డున దుగరాజపట్నం ఉంది, ఇంగ్లీషువాళ్లు దాన్ని ఆర్మగాన్ అనేవారు, మద్రాసు కంటే ముందు వాళ్ల కోట అక్కడే ఉండేదని మనవడికి చెప్పడం మొదలుపెట్టారు. ఆర్మగాన్‌లో వ్యాపారం సాగక, అక్కడి కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణంగా ఇంకో చోటు వెతుక్కుంటూ వెళ్లాడు. దామర్ల వెంకటాద్రి నాయకుడు 1639 ఆగస్టు 22న ఇసుకదిబ్బల నేల కొంత రాసిచ్చాడు. ఆ నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. అంతా విని మా వాడు ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "అంటే ఇంగ్లీషువాళ్లు కూడా ఎక్కడ దిగాలా అని వెతుక్కున్నారా తాతయ్యా?" ఆయనకు నవ్వాగలేదు.

సెంట్రల్లో దిగేసరికి ఒంటిగంట దాటింది. 1873 నాటి ఎర్ర భవనం, గడియారం గోపురం అలాగే ఉన్నాయి. పేరు మాత్రం 2019 నుంచి ఎం.జి.రామచంద్రన్‌ది. పార్క్ టౌన్ నుంచి మైలాపూరుకు లోకల్ రైలు ఉంది, ఎక్కువసేపు పట్టదు. కానీ పెట్టెలతో, అత్తయ్యగారితో ఆ మెట్లు ఎక్కే ప్రసక్తే లేదు. ఆరుగురికీ పట్టే పెద్ద కారు ఒకటి మాట్లాడుకున్నాం. రెండు ఆటోలైతే ఒకటి ముందు, ఒకటి వెనక, ఈలోపు ఫోన్ల మీద ఫోన్లు, ఆ టెన్షన్ ఎందుకని.

లజ్ కార్నర్ దగ్గర మెట్రో రెండో దశ పనులకు దారి మళ్లించారు. కారు మా సందులోకి రాలేదు. చివరి కాస్త దూరం నడిచాం. నడిచాం కాబట్టే ఏ మలుపులో మందుల షాపు ఉందో, ఎక్కడ పాలు దొరుకుతాయో, ఏ గుమ్మం ముందు కుక్క ఉందో సామాను దించకముందే తెలిసిపోయింది.

ఫ్లాటు ఫోటోల్లో కనిపించినంత పెద్దది కాదు. హాలు ఇరుకు. కానీ బాత్రూంలో గట్టి కుర్చీ ఉంది, ప్లాస్టిక్‌ది కాదు, చెక్కది. వంటింట్లో గ్యాస్ పొయ్యి, కుక్కర్, కాఫీ ఫిల్టర్. నీళ్ల క్యాన్ అప్పుడే వచ్చింది. ఓనరమ్మ కింది వాటాలోనే ఉంటారు. పైకి వచ్చి అత్తయ్యగారిని చూసి, "వదినా, సాయంత్రం నాతో గుడికి రండి, వీళ్లతో పరిగెత్తకండి" అన్నారు. అత్తయ్యగారు ఆ ప్రయాణంలో మొదటిసారి తీరిగ్గా కూర్చున్నారు.

గురువారం

పొద్దున్నే లేచి నేనూ మామయ్యగారూ కోనేటి వైపు నడిచాం. ఆ వేళకు మైలాపూరు ఇంకా ఊరులాగే ఉంటుంది. గుమ్మాల ముందు నీళ్లు చల్లి ముగ్గులు పెడుతున్నారు, పూలవాళ్లు బుట్టలు దించుతున్నారు, కాఫీ హోటళ్ల ముందు జనం చేతిలో డవరా గ్లాసులతో నిలబడే ఉన్నారు. గుడి తెరిచి ఉంది, జనం పల్చగా ఉన్నారు. పార్వతి నెమలి రూపంలో పున్నచెట్టు కింద శివుణ్ణి పూజించిందని స్థలపురాణం. ఆ చెట్టూ, పక్కనే ఆ చిన్న గుడీ ప్రాకారంలో ఉన్నాయి. పాత ఆలయం సముద్రం ఒడ్డునే ఉండేదట. పోర్చుగీసువాళ్ల కాలంలో అది పోయాక ఇప్పుడున్న చోట కట్టారు. తిరిగొచ్చేసరికి ఇంట్లో పిల్లలు లేచి పళ్లు తోముకుంటున్నారు. పేట కుదిరితే ఇదే సౌకర్యం. మిగతావాళ్ల నిద్ర చెడకుండా ఎవరి పొద్దు వాళ్లు గడుపుకోవచ్చు.

ఎగ్మూర్ మ్యూజియం ఈ రోజే చూడాలని ముందే అనుకున్నాం, ఎందుకంటే శుక్రవారం సెలవు. 1851లో పెట్టిన మ్యూజియం ఇది. మన తెలుగువాళ్లు ఎందుకు వెళ్లాలంటే, అమరావతి స్తూపం శిల్పాలు ఇక్కడున్నాయి. మామూలుగా చెప్పే మాట కాదిది. 1816లో కల్నల్ కాలిన్ మెకంజీ సర్వే చేయించినప్పటి నుంచి అక్కడి పలకలు ఊరు దాటడం మొదలైంది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసుకు వచ్చి, వాటిలో చాలా భాగం లండన్ వెళ్లి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తర్వాతి తవ్వకాల్లోనివి కలిపి ఇక్కడ మిగిలినవి ఇవి. అమరావతి వెళ్లినవాళ్లకు అక్కడ దిబ్బ కనిపిస్తుంది. ఆ దిబ్బకు ఒకప్పుడు ఎంత శోభ ఉండేదో తెలియాలంటే మద్రాసు రావాల్సిందే.

మా వాణ్ణి కదలకుండా నిలబెట్టింది నాళగిరి అనే ఏనుగు కథ చెక్కిన పలక. గుండ్రటి రాయి, పల్నాటి సున్నపురాయి. ఒకే చక్రంలో రెండు ఘట్టాలు. ఒక పక్క మదమెక్కిన ఏనుగు వీధిలో మనుషుల్ని తొక్కుకుంటూ వస్తోంది, మేడల మీది ఆడవాళ్లు కిటికీల్లోంచి చూస్తున్నారు. ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల నాటి శిల్పం. "ఇది కామిక్ కదమ్మా" అన్నాడు వాడు. అవును మరి, డబ్బాలు గీయకుండా వేసిన కామిక్కే. మామయ్యగారు కిటికీల్లోని ఆడవాళ్ల నగలు లెక్కపెడుతూ చాలాసేపు నిలబడ్డారు. పాపకు తిమింగలం ఎముకల గూడు చూపించాం. కంచు విగ్రహాల భవనంలో తిరువాలంగాడు నటరాజు దగ్గరకు వచ్చేసరికి ఒంటిగంట కావస్తోంది. ఇంకా చూడాల్సింది ఉంది. కానీ అత్తయ్యగారి చేయి నా భుజం మీద బరువుగా పడింది, అంతటితో బయటికి వచ్చేశాం.

ఇక్కడే మా ఆయన తన ఎగ్మూర్ వాదన మళ్లీ ఎత్తారు. అక్కడ దిగి ఉంటే ఇప్పుడు ఐదు నిమిషాల్లో మంచం మీద ఉండేవాళ్లం కదా అని. ఈ ఒక్క రోజుకు ఆయన మాట నిజం. మ్యూజియం, కన్నెమరా లైబ్రరీ, మెట్రో ఎక్కి హైకోర్టు వైపు తిరగడమే ముఖ్యమనుకునే పుస్తకాల జనానికి ఎగ్మూరే సరి. మాకు మాత్రం సాయంత్రాలు కావాలి.

ఆ సాయంత్రం ఏమిటంటే, నవరాత్రుల మైలాపూరు. ఉత్తర మాడ వీధి పొడుగునా నేల మీద పట్టాలు పరిచి బొమ్మలు. దశావతారాలు, పెళ్లి బృందాలు, శెట్టిగారూ శెట్టెమ్మా, కచేరీ చేసే విద్వాంసులు, క్రికెట్ జట్లు కూడా. మా ఇంట్లో బొమ్మల కొలువు సంక్రాంతికి పెడతాం, ఇక్కడ దసరాకు. అత్తయ్యగారు ఓనరమ్మతో కలిసి ముందే వచ్చేసి, ఒక అంగడి ముందు స్టూలు వేయించుకుని కూర్చుని బేరం చేస్తున్నారు. ఆవిడ తెలుగులో, బొమ్మలావిడ తమిళంలో. ధర ఎక్కడ కుదిరిందో నాకు తెలియదు గానీ చిన్న కృష్ణుడు మాతో ఇంటికి వచ్చాడు. ఎనిమిదింటికి గుళ్లో కర్పగాంబాళ్ అమ్మవారి అలంకారం చూసి, పదిన్నరకు కూడా ఇంకా వీధిలోనే ఉన్నాం. పాప మా ఆయన భుజం మీద నిద్రపోయింది. క్యాబ్ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు, ఇల్లు అల్లంత దూరంలోనే.

శుక్రవారం

మామయ్యగారి రోజు. రాయపేట హైరోడ్డు 126వ నంబరుకు పొద్దున్నే వెళ్లాం. బులుసు సాంబమూర్తిగారి ఇల్లు అది. పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న ఆంధ్ర రాష్ట్రం కోసం దీక్షకు కూర్చున్నది ఈ చోటే, డిసెంబరు 15 రాత్రి కన్నుమూసింది ఇక్కడే. మరుసటి ఏడాది అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. శ్రీరాములుగారు పుట్టింది కూడా ఈ ఊళ్లోనే, జార్జ్ టౌన్‌లో. పక్కనుంచి బస్సులు పోతూనే ఉంటాయి, తలెత్తి చూసేవాళ్లు తక్కువ. మామయ్యగారు అక్కడ ఏమీ చెప్పలేదు. బయటికి వచ్చాక మాత్రం యాభై ఎనిమిది రోజులంటే ఎంతో లెక్కవేయమని మనవడికి చెప్పారు. దసరా సెలవులతో పోల్చుకుని వాడు నోరు తెరిచాడు.

అక్కణ్ణుంచి లజ్ చర్చి రోడ్డులోని నాగేశ్వరరావు పార్కు. అమృతాంజనం నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీద ఉన్న పార్కు. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒప్పందం చేసుకున్న శ్రీబాగ్ ఆయన ఇల్లే. పిల్లలు ఉయ్యాలలెక్కారు, పెద్దవాళ్లు బెంచీ మీద కూర్చున్నారు. మధ్యాహ్నం మెస్‌లో అరటాకు భోజనం. మోర్ కుళంబు చూసి పిల్లలు మజ్జిగ పులుసే కదా అని తేల్చేశారు. ఆపైన నిద్ర.

సాయంత్రం టి.నగర్. వెళ్లకపోతే మా చెల్లెలు బతకనివ్వదు. ఈ పేట పేరే పిట్టి త్యాగరాయ చెట్టిది, మధ్యలో ఉన్న పార్కు పానగల్లు రాజాగారిది. ఆయన కాళహస్తి మనిషి పానగంటి రామరాయణింగారు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధాని, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి. ఒకప్పుడు తెలుగు సినిమావాళ్లలో చాలామంది ఈ చుట్టుపక్కలే ఉండేవారు. ఇప్పుడు రంగనాథన్ వీధిలో మనిషికీ మనిషికీ మధ్య వేలు దూరదు. కొనదలచుకున్నవి రాసుకుని వెళ్లాం. రెండు షాపులు, మూడు చీరలు, అంతే. పాండీ బజారులో నడవడానికి వెడల్పాటి దారి వేశారు కాబట్టి అక్కడ కాస్త ఊపిరాడింది. పెళ్లి ఉన్నవాళ్లు ఇక్కడే దిగడం ఎందుకు మంచిదో కూడా అక్కడే చూశాను. బ్లౌజు ముక్క రంగు సరిపోలేదని ఒకావిడ పరుగెత్తుకుంటూ వెళ్లి పది నిమిషాల్లో మార్చుకొచ్చింది. ఆవిడ గది వెనక సందులోనే ఉందట.

శనివారం

అత్తయ్యగారు, పాప రామన్నారు. బలవంతపెట్టలేదు. కింద ఓనరమ్మ ఉన్నారు, గుడి ఉంది, రోజ్ మిల్క్ దుకాణం ఉంది. ఇద్దరూ మాకంటే బాగా గడిపారని తర్వాత తెలిసింది.

మిగతావాళ్లం తిరుమయిలై, అంటే మైలాపూరు స్టేషన్‌లో లోకల్ ఎక్కి ఫోర్ట్ స్టేషన్‌లో దిగాం. కాలువ వెంట స్తంభాల మీద నడిచే రైలు ఇది. ఒక పక్క ఇళ్ల మేడలు, అక్కడక్కడా సముద్రం తొంగిచూస్తుంది. సెయింట్ జార్జ్ కోట లోపల సెక్రటేరియట్ ఉంది కాబట్టి గుర్తింపు కార్డు, తనిఖీ తప్పవు. సెయింట్ మేరీస్ చర్చి 1680 నాటిది. ఫిరంగి గుండు పడినా నిలవాలని పైకప్పు మందంగా, కమానులా కట్టారు. రాబర్ట్ క్లైవ్ పెళ్లి 1753లో ఇక్కడే అయింది. కోట మ్యూజియంలో మా వాడికి నచ్చింది జెండా. 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగరేసిన పట్టు జెండాను చీకటి గదిలో, మసక వెలుతురులో భద్రంగా ఉంచారు. ఈ మ్యూజియం కూడా శుక్రవారం మూసే ఉంటుంది. రోజులు కుదుర్చుకునేటప్పుడు ఈ రెండిటినీ కలిపి చూసుకోవాలి.

హైకోర్టును బయటి నుంచే చూశాం. 1892లో కట్టిన ఎర్ర కట్టడం. దాని ఎత్తైన గోపురం మీదే 1977 దాకా ఊరి లైట్‌హౌస్ ఉండేది. 1914లో ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ వచ్చి ఫిరంగులు పేల్చింది కూడా ఈ ఊరి మీదే. ఈ కోర్టు ఉన్న చోటే ఒకప్పుడు చెన్నకేశవుడి గుడి ఉండేది. 1757లో దాన్ని కూల్చారు, తర్వాత పూల బజారు దగ్గర మళ్లీ కట్టారు. ఊరి పేరు మోసే గుడిని చూద్దామని అటు నడిచాం. వెళ్లేసరికి పన్నెండున్నర, తలుపులు మూసి ఉన్నాయి. జార్జ్ టౌన్‌లో ఆ వేళ కూర్చోడానికి చోటు లేదు, వీధంతా మూటలు, తోపుడు బళ్లు. గది గుర్తొచ్చింది. ఒంటిగంటన్నరకు మైలాపూరు చేరాం.

సాయంత్రం మెరీనా అనుకున్నాం గానీ నాలుగింటికి వాన పట్టుకుంది. తిరువళ్లిక్కేణి (ట్రిప్లికేన్) పార్థసారథి గుడికి ఈ రోజు వెళ్లే ఆలోచనే లేదు. పురట్టాసి నెలలో శనివారం అంటే తమిళులకు మన ముక్కోటి అంత. ఆ గుడి వీధుల్లోకి బండి కాదు కదా, మనిషి కూడా తేలిగ్గా దూరలేడు. ఆ పేటలో గది తీసుకున్నవాళ్లకు ఈ శనివారాల సంగతి లాడ్జివాళ్లు ముందుగా చెప్పరు. మనమే క్యాలెండర్ చూసుకోవాలి. వానలో పకోడీలు వేశాను. కాఫీ ఫిల్టర్ అక్కరకొచ్చింది. మూడు గదుల లాడ్జిలో అయితే ఈ సాయంత్రం మూడు టీవీల ముందు మూడు ముక్కలుగా గడిచేది.

ఆదివారం

పొద్దున ఆరింటికల్లా పార్థసారథి గుడిలో ఉన్నాం. నిన్నటి జనం పూలు, తులసి ఇంకా నేల మీదే ఉన్నాయి. మూలవిరాట్టు వెంకటకృష్ణుడికి మీసాలుంటాయి, పక్కన రుక్మిణి, బలరాముడు, సాత్యకి, ప్రద్యుమ్నుడు, అనిరుద్ధుడు, కుటుంబమంతా. మా ఆరుగురిలాగే అన్నారు అత్తయ్యగారు. ఉత్సవమూర్తి ముఖం మీద భీష్ముడి బాణాల గాట్లు ఉంటాయని చెబితే పాప దగ్గరగా చూడాలని ఒకటే గొడవ. చక్కెర పొంగలి దొప్పలో నెయ్యి కారుతోంది. ఈ వీధుల్లోనే బ్రహ్మచారుల మాన్షన్లు వరసగా ఉంటాయి. ఒంటరిగా ఉద్యోగాలకు వచ్చిన కుర్రాళ్లకు నెలవారీ గదులు. కుటుంబంతో దిగే చోట్లు కావవి, అద్దె తక్కువ కనపడిందని బుక్ చేసుకోవద్దు. రత్నా కేఫ్‌లో ఇడ్లీలు సాంబారులో మునిగి వచ్చాయి. మెరీనాలో గంటసేపు గాలి పీల్చుకున్నాం.

తొమ్మిదిన్నరకు ఫ్లాటుకు చేరాం. చెక్-అవుట్ పదకొండు. రైలు రెండు దాటాక. ఓనరమ్మ పెట్టెలు కింద తన వరండాలో పెట్టుకోనిచ్చారు, పన్నెండు దాకా మళ్లీ కోనేటి గట్టు మీదే గడిపాం. కరెంటు మీటరు చూసి ఏసీ ఖర్చు విడిగా తీసుకున్నారు. ఈ మాట ఫోన్‌లో ముందే చెప్పారు కాబట్టి పేచీ లేదు. ఫ్లాట్లు తీసుకునేవాళ్లు కరెంటు అద్దెలో కలిసిందా, విడిగానా అని అడగాలి. లాడ్జిల్లో ఈ గొడవ ఉండదు.

రైల్లో ఎదురు సీటులో గూడూరు వెళ్లే తల్లీకూతుళ్లు కూర్చున్నారు. అమ్మాయి సంగీతం నేర్చుకుంటోంది, డిసెంబరు కచేరీలకు తీసుకురావాలని వాళ్ల అమ్మ కోరిక. త్యాగయ్య కీర్తనలు దాదాపు అన్నీ తెలుగే కదా, తెలుగు అర్థమయ్యే పిల్ల వింటే ఆ తేడా వేరు అంటారు ఆవిడ. మైలాపూరు ఫ్లాటు నంబరు అడిగారు. ఇచ్చాను గానీ డిసెంబరు సంగతి వేరని చెప్పాను. మార్గళిలో, అంటే మన ధనుర్మాసంలో, విదేశాల నుంచి వచ్చేవాళ్లు కూడా ఆ పేటలో గదులు చాలా ముందుగానే పట్టేసుకుంటారు. గుడి పక్కనే దిగితే తెల్లవారుజామునే భక్తి పాటలు మైకులో మొదలవుతాయి, నిద్ర తేలికగా చెదిరేవాళ్లు రెండు వీధులు లోపలికి చూసుకోవాలి. మ్యూజిక్ అకాడమీ, నారద గానసభ టి.టి.కె. రోడ్డులో ఉన్నాయి, మైలాపూరు నుంచి దగ్గర. కృష్ణ గానసభ మాత్రం టి.నగర్‌లో. ఏ సభకు టికెట్లు దొరుకుతాయో తేలాకే గది చూసుకోమన్నాను. కచేరీలు పగటి పూటే మొదలై రాత్రి దాకా సాగుతాయి, మధ్యలో సభ క్యాంటీన్లలోనే టిఫిను అయిపోతుంది కాబట్టి వంటగది అవసరం కూడా ఉండదు. అమ్మాయి అన్నీ ఫోన్‌లో రాసుకుంది. వాళ్లమ్మ ఒక్కటే అడిగారు, బాత్రూంలో మెట్టు ఎంత ఎత్తుందని.